స్టీరింగ్ ర్యాక్ మార్చే ముందు

2014లో ఉత్పత్తి ఆగిపోయినా ఇంకా రోడ్లపై కనిపించే మారుతి 800ను చూడండి. స్టీరింగ్ తిప్పితే పినియన్ అనే పళ్లచక్రం ర్యాక్ అనే పళ్లకడ్డీని పక్కకు జరుపుతుంది. దాని కొసలనున్న టై రాడ్లు చక్రాలను తిప్పుతాయి.

వేరే కారు ర్యాక్ బోల్టులకు సరిపోతే చాలదు. గతుకులో చక్రం లేచినప్పుడు సస్పెన్షన్ కింది ఆర్మ్ ఒక చాపం మీద కదులుతుంది, టై రాడ్ మరో చాపం మీద. ర్యాక్ పొడవో, బిగించిన ఎత్తో మారితే ఈ రెండింటికీ పొత్తు కుదరదు. మీరు స్టీరింగ్ కదపకపోయినా చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది! దీన్నే బంప్ స్టీర్ అంటారు. వీల్ అలైన్‌మెంట్‌తో పోతుందనుకోకండి. అది కారు నిలిచి ఉన్నప్పటి కొలత. బాడీని స్టాండ్లపై నిలిపి, స్ప్రింగు తీసి, చక్రాన్ని జాకీతో కొద్దికొద్దిగా ఎత్తుతూ, అది ఎంత తిరుగుతోందో ప్రతిసారీ కొలవాలి.