ఒక బిందె నీళ్లు, మూడు ప్రశ్నలు: ఎన్విరాన్‌మెంటల్‌లో పీజీ చేయాలా?

ఈ మధ్య నన్ను జూనియర్లు ఎక్కువగా అడుగుతున్నది ఒకటే. "అన్నా, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయాలా, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేయాలా? రెండూ ఒకటే కదా?" ఒకటి కాదు. ఆ తేడా ఏంటో ఈ రోజు ఒక బిందె నీళ్లతో చెప్తాను.

మాది నల్లగొండ జిల్లా. మా నాయనమ్మకు నడుము వంగిపోయింది, మోకాళ్లు మడత పడవు. అది ఒట్టి వయసు వల్ల కాదు, చిన్నప్పటి నుంచి తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల. తాగేటప్పుడు దానికి రంగు తెలియదు, వాసన తెలియదు, రుచి తెలియదు. కాచి తాగితే పోతుందిలే అనుకుంటారు చాలామంది. పోదు. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉండి ఇంకా చిక్కబడుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సరే అంటారు.

ఇప్పుడు ఈ బిందె ముందు ఇద్దరిని నిలబెడదాం.

సైన్స్ చదివినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: ఈ ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చింది? మా దగ్గర నేల కింద గ్రానైట్ రాయి. అందులోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. ఏ ఊరి బోరులో ఎంత ఉంది, ఎందుకు ఉంది, ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుంది, ఇదంతా వాళ్ల పని.

ఇంజినీరింగ్ చదివినవాళ్లు అడిగేది రెండో ప్రశ్న: దీన్ని ఎలా తీసేయాలి? రోజుకు ఎన్ని లీటర్లు, ఎంత ఖర్చులో?

ఎంటెక్ మొదటి సెమిస్టర్‌లో మా సార్ బోర్డు మీద "నల్గొండ టెక్నిక్" అని రాశారు. క్లాసులో అందరూ నా వైపు చూశారు! నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం వేసి, ముందు వేగంగా, తర్వాత మెల్లగా కలపాలి. తెట్టులాంటిది కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంపుకోవాలి. టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది ఈ పద్ధతి. ల్యాబ్‌లో నేనే చేశాను. రీడింగ్ తగ్గుతుంటే ఎంత సంబరమో!

సెలవులకు ఇంటికి వెళ్లి గొప్పగా చెప్పాను. నాయనమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "గిదంతా రోజు ఎవలు కలపాలె బిడ్డా? ఆ అడుగున మిగిలిన మడ్డి యాడ పారబోయాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మడ్డిలో ఉన్నది మేం తీసేసిన ఫ్లోరైడే. బావి పక్కన పోస్తే మళ్లీ నేలలోకే. పటిక లెక్క తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. అందుకే చాలాచోట్ల అసలు పరిష్కారం పటిక కాదు, వేరే నీళ్లు తేవడం. మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు పైపుల్లో మా జిల్లాకు తెచ్చింది అందుకే. నాయనమ్మ నడుము మాత్రం తిరిగి నిటారు కాలేదు. ఆ ఎముకలకు ఇప్పుడు మందు లేదు.

ఆమె అడిగిందే మూడో ప్రశ్న: రేపు, ఎల్లుండి ఇది ఎవరు నడుపుతారు? సైన్స్ తీసుకున్నా ఇంజినీరింగ్ తీసుకున్నా దీన్నుంచి తప్పించుకోలేరు.

ఇక పని విషయాలు. గేట్‌లో 2021 నుంచి ఈ సబ్జెక్టుకు ఈఎస్ అని విడిగా పేపర్ ఉంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది. మీరు చేరే కాలేజీకి అది వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఎమ్మెస్సీకైతే తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ రాయాలి. ఉద్యోగాలు నీటి శుద్ధి ప్లాంట్లలో, ఫార్మా కంపెనీల వ్యర్థ జలాల విభాగాల్లో, కాలుష్య నియంత్రణ మండళ్లలో, కన్సల్టెన్సీల్లో ఉంటాయి. నిజం చెప్పాలంటే మొదటి జీతం చూసి సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్ నవ్వొచ్చు. ఆ సంగతి తెలిసే రండి.

చేరే ముందు ఒక్కసారి ఆ కాలేజీ ల్యాబ్‌కు వెళ్లండి. పరికరాల మీద దుమ్ము ఉందా, తడి ఉందా చూడండి. తడి ఉంటే అక్కడ పని జరుగుతున్నట్టే.

మీ ఊరి నీళ్లు చూస్తే మీకు ముందు వచ్చే ప్రశ్న "ఎందుకు?" అయితే సైన్స్. "ఎలా?" అయితే ఇంజినీరింగ్. అసలు ఏ ప్రశ్నా రాకపోతే, తొందరపడి ఫీజు కట్టకండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.