ఇటాలియన్ చదువు, రుద్రమదేవి చరిత్ర

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థులకు ఇటాలియన్ భాష నేర్చుకునే వీలు దగ్గరలో హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఉండగా, ఇటలీలో పెరూజా, సియెనా నగరాల్లో విదేశీయుల కోసమే ప్రత్యేక విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి. ఇటాలియన్ మాధ్యమంలో డిగ్రీ చదవగోరేవారికి సాధారణంగా బీ2 స్థాయి, అంటే పాఠం విని అర్థం చేసుకొని సొంతంగా వాదించి రాయగల పట్టు, అవసరమవుతుంది.

ఉద్యోగాల మాట అటుంచితే, తెలంగాణ చరిత్రను పరిశోధించేవారికి ఈ భాష వల్ల కలిగే ప్రయోజనం చిన్నదేమీ కాదు. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని, అక్కడి సాలెగూడు వంటి పలుచని నూలు వస్త్రాలను, న్యాయశీలురాలైన ఒక రాణిని వర్ణించాడు. ఆమె కాకతీయ రుద్రమదేవియే అని చరిత్రకారుల అభిప్రాయం. అయితే గణపతిదేవుని కుమార్తె అయిన ఆమెను అతడు రాజు భార్యగా పొరబడ్డాడు. ఆమె మరణాన్ని సూచించే 1289 నాటి శాసనం నల్లగొండ జిల్లా చందుపట్లలోనే ఉంది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఆమెకు పుణ్యంగా చేసిన భూదానం అందులో నమోదైంది. పోలో గ్రంథం 1298 ప్రాంతంలో జెనోవా చెరలో, ఇటాలియన్ ఛాయలున్న ప్రాచీన ఫ్రెంచిలో రూపొంది, తరువాత టస్కనీ భాషలోకి వచ్చింది. ప్రతికీ ప్రతికీ పాఠభేదాలు మెండు కనుక, ఆంగ్లానువాదం ఒక్కదానినే నమ్ముకోవడం పరిశోధకునికి చాలదు.