రెండవ పాట



తాండూరు బడిలో చిరకాలము తెలుగు చెప్పి, ఇప్పుడు వికారాబాదులో విశ్రాంతి గొనుచున్న ముదుసలిని. రాక్ సంగీతము చెవిని బడినంతనే మనుమల గది తలుపు మూయించువాడను. అట్టి నేను ఒక రాక్ గాయకుని రెండవ ఆల్బమును గూర్చి ముచ్చటింపబూనుటకు కారణము కలదు. దానిని చివర విన్నవింతును.

ఆ గాయకుడు అమెరికా దేశీయుడగు బాబ్ డిలాన్. 1941లో జన్మించెను. ఇరువదియేండ్ల ప్రాయమున, 1961 నవంబరులో, న్యూయార్కు నగరమున కొలంబియా కంపెనీవారు రెండు దినములలో అతని మొదటి ఆల్బమును రికార్డు చేసిరి. అది 1962 మార్చిలో వెలువడెను. పదమూడు పాటలలో అతడు కట్టినవి రెండే. కొన్నవారు కొద్దిమంది. అతనిని చేరదీసినవాడు జాన్ హామండ్ అను పెద్దమనిషి. ఆ కుర్రవానికి ‘హామండ్ గారి వెర్రి’ యని పేరుపెట్టి కంపెనీలోనివారే నవ్వుకొనిరి. హామండ్ మాత్రము వాని చేయి విడువలేదు.

రెండవ ఆల్బమునకు ఒక సంవత్సరము పట్టెను. 1962 ఏప్రిల్ మొదలు 1963 ఏప్రిల్ వరకు విడతలుగా పాడి, ఏరి, కొన్నిటిని త్రోసివైచి, 1963 మే 27న ‘ది ఫ్రీవీలిన్ బాబ్ డిలాన్’ అను పేర వెలువరించిరి. ఈ మారు పదమూడింట పదకొండు స్వంత రచనలు.

అయినను అతడు పాతను విడిచిపెట్టలేదు. మొదటి పాటయగు ‘బ్లోయిన్ ఇన్ ది విండ్’ బాణీకి మూలము, దాస్యము వీడిన నల్లజాతివారు పాడుకొన్న ప్రాచీన గీతము. దానిపై స్వేచ్ఛను గూర్చియు, యుద్ధమును గూర్చియు ప్రశ్నల మాల కట్టెను. మరియొక పాటకు తల్లీకొడుకుల ప్రశ్నోత్తరములతో నడచు పాతకాలపు కథాగేయపు మట్టు ఆధారము. ఇది మనకు వింతయా? నాట్ల పాట బాణీకి కాలోచితమైన మాట కట్టుట మన పల్లెల వాడుకయే. సుద్దాల హనుమంతుగారు గొల్లసుద్దుల వంటి రూపములలో తెలంగాణ పోరాటపు ఆవేదనను పలికింపలేదా?

1963 ఆగస్టు 28న వాషింగ్టనులో సమానహక్కులకై సుమారు రెండున్నర లక్షలమంది కూడిన సభలో ఆ మొదటి పాటను పీటర్, పాల్, మేరీ అను గాయకులు వినిపించిరి. డిలాన్ 1965లో విద్యుత్ గిటారు చేపట్టి రాక్ గాయకుడయ్యెను. 2016లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందెను.

ఇక నా కారణము. బడిలో నుండగా, బండల గనిలో పనిచేయువాని కొడుకొకడు వార్షికోత్సవమున తాను కట్టిన పాట పాడెను. యతి లేదు, ప్రాస లేదు, తాళము తప్పెను. అందరియెదుట ‘ఇది నీ పని కాదు, కూర్చుండుము’ అంటిని. వాడు కూర్చుండెను. చాల ఏండ్లకు బండలు కోయు యంత్రము నొద్ద, తెల్లని దుమ్ములో వాని గుర్తించి, ‘పాటలు కట్టుచున్నావా?’ యని యడిగితిని. ‘గప్పుడే ఇడిసిపెట్టిన సారూ’ అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు. వాని రెండవ పాట యెట్లుండెడిదో ఎవ్వరికిని తెలియదు.

మన అనంతగిరి కొండలలో మూసీ పుట్టుచోట ధార బహు సన్నము. అచ్చట నిలిచి చూచినవాడు దానిని నది యనునా?

అయ్యలారా! మీ యూరి కుర్రవాడు డప్పు తెచ్చినను, గిటారు తెచ్చినను, మొదటి పాటలో తప్పున్న తప్పనియే చెప్పుడు. వెంటనే, రెండవది కట్టుకొని రమ్మనియు చెప్పుడు. వాడు వచ్చిన దినమున అరుగుమీద కొంచెము చోటిండు.

సెలవు.