మంగుమచ్చలు – ఒక నెమ్మది మందు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ వేదిక మీద మాకు పిల్లల చదువు గురించి చెప్పే పని అప్పగిస్తారు. ఈసారి కార్యదర్శిగారిని అడిగి విషయం మార్చుకొన్నాము. ముఖం మీది నల్లమచ్చల గురించి నాలుగు మాటలు చెబుతాము. వెనుక వరుసలో కుర్రవాళ్లు నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. ఆడవారి వైపు ఎవరూ నవ్వడం లేదు.

తెలుగులో మంగు అంటారు, మన ఇళ్లలో ఝాయియాఁ అంటాము, డాక్టర్లు మెలాస్మా అంటారు. చెంపల మీద, నుదుటి మీద, పైపెదవి మీద గోధుమరంగులో పరచుకొంటుంది. గర్భం దాల్చినపుడు, గర్భనిరోధక మాత్రలు వాడినపుడు రావచ్చు. ఎండ తగిలితే ముదురుతుంది. నొప్పి లేదు, ప్రాణభయం లేదు. అయినా మా ఇంటివారు రెండో కాన్పు తర్వాత ఏడాదిపాటు ఏ పెళ్లికీ రాలేదు. ఎప్పుడైనా వచ్చినా ఫోటో తీసేవేళకు పక్కకు తప్పుకొనేవారు.

ఇక మా పొరపాటు చెప్పాలి. పక్కింటి ఖాలా చెప్పిందని, మందుల దుకాణంలో చీటీ లేకుండా ఒక ట్యూబు మేమే స్వయంగా కొనితెచ్చాము. పదిహేను రోజుల్లో ముఖం తేటపడింది. ఇల్లంతా సంతోషం. మూడు నెలలు తిరిగేసరికి చర్మం పలచబడి ఎర్రబారింది. పొయ్యి దగ్గర నిలబడితే మంట. చెంపల మీద సన్నటి రక్తనాళాలు, నూగు వెంట్రుకలు. భయపడి మానేస్తే మచ్చ మునుపటికంటె ముదిరింది. అప్పుడు గాని చర్మవైద్యురాలి దగ్గరకు పోలేదు. ఆమె ట్యూబు వెనక్కు తిప్పి మూడు పేర్లు చూపించారు: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్. మూడోది స్టిరాయిడ్. "ఇది డాక్టరు చూస్తుండగా కొద్ది వారాలు వాడే మందు మాస్టారూ, స్నో పౌడరులాగా రోజూ పూసేది కాదు" అన్నారు. చదువు చెప్పేవాళ్లమై ఉండి ట్యూబు వెనుక ఏముందో చదవలేదు! 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడదని ఉత్తర్వు చేసింది. అది ఎంతవరకు అమలవుతోందో మీలో చాలామందికి అనుభవమే.

చర్మం కుదుటపడ్డాక ఆమె రాసిచ్చింది అజెలాయిక్ ఆమ్లం, 20 శాతం క్రీము. ఆరు నెలలు పడుతుందన్నారు. ఒకసారి దెబ్బతిన్నవాళ్లము గనుక, దీనికి రుజువేమిటని అడిగాము. ఆమె విసుక్కోకుండా చెప్పారు.

ఈ ఆమ్లం గోధుమ, బార్లీ వంటి ధాన్యాలలో కొద్దిగా ఉంటుంది. అంతేకాదు, మన చర్మం మీద ఉండే ఒక సూక్ష్మజీవి కూడా దీన్ని తయారుచేస్తుంది. పిల్లల వీపుల మీద, మెడల మీద వచ్చే శోభి మచ్చలు చూశారు గదా, ఆ శోభిని కలిగించే జీవే ఇది. శోభి వచ్చినచోట రంగు ఎందుకు తగ్గుతోందని ఇటలీ శాస్త్రజ్ఞులు మార్సెల్లా నజ్జారో-పోర్రో, సీరో పస్సీ ఆలోచించారు. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఎంజైము పనిచేయాలి. ఈ జీవి నుంచి వచ్చే ఇటువంటి ఆమ్లాలు ఆ ఎంజైమును అణచివేస్తాయని వారు 1978లో ప్రకటించారు. శోభి తెలుపుకు పూర్తి కారణం ఇదేనా అన్న వాదం వేరు. మందు మాత్రం ఆ దారిలో వచ్చింది. అతిగా పనిచేస్తున్న రంగుకణాల మీదే దీని ప్రభావం ఎక్కువ, మామూలు చర్మాన్ని తెల్లబరచదు. పెళ్లిచూపులకు ముందు అమ్మాయి రంగు మార్చాలనుకొనేవారికి ఇది పనికిరాదు. పనికిరాకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఎంజైము మాట ప్రయోగశాలది. మనుషుల ముఖాల మీద సంగతేమిటి? పబ్లిక్ పరీక్షల్లో జవాబుపత్రం మీద పేరు కనబడకుండా చేసి దిద్దిస్తారు గదా, మందుల పరీక్షా అంతే. ఎవరికి ఏ క్రీము ఇచ్చారో పూసుకొనేవారికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. 1989లో ఫిలిప్పీన్స్‌లో 155 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు అచ్చయినాయి. వారూ మనలాగే చామనచాయ మనుషులే. 20 శాతం అజెలాయిక్ వాడినవారిలో నూటికి 73 మందికి బాగా గుణం కనిపించింది. 2 శాతం హైడ్రోక్వినోన్ వాడినవారిలో 19 మందికే.

బలహీనుడితో కుస్తీ పెట్టి గెలిపించారేమో అని మాకు అనుమానం వచ్చింది. దానికీ జవాబుంది. 1991లో అచ్చయిన మరో పరీక్షలో 329 మంది స్త్రీలను తీసుకొని, ఈసారి రెండింతల బలమున్న 4 శాతం హైడ్రోక్వినోన్‌తో పోల్చారు. 24 వారాల తర్వాత అజెలాయిక్ వాడినవారిలో నూటికి 65 మందికి మంచి ఫలితం వచ్చింది. రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. హైడ్రోక్వినోన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి చర్మం నీలినలుపుకు తిరుగుతుంది. ఆ కీడు అజెలాయిక్‌లో కనబడలేదు. దురద, చురచుర మాత్రం మొదటి వారాల్లో ఉంటాయి.

ఈ లెక్కల్లో రెండు సంగతులు జారవిడువకూడదు. 65 మందికి ఫలించిందంటే 35 మందికి అంతగా ఫలించలేదన్నమాట. చర్మంలో లోతుగా దిగిన మచ్చ సులువుగా లొంగదు. రెండో సంగతి, ఆ 329 మందీ ఎండను ఆపే క్రీము కూడా పూసుకొన్నవారే. గొడుగు లేకుండా మధ్యాహ్నం బజారుకు పోయి, మందు పనిచేయలేదంటే అది మందు తప్పు కాదు.

గర్భిణులకు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ వద్దంటారు. అజెలాయిక్ రక్తంలోకి చేరేది చాలా స్వల్పం కనుక డాక్టర్లు అవసరమైతే అనుమతిస్తారు. అయినా అడిగే వాడాలి.

మా ఇంట్లో రెండు నెలల దాకా ఏమీ తెలియలేదు. ట్యూబు పారేద్దామని మేమన్నాము, ఆవిడ ఒప్పుకోలేదు. నాలుగో నెలలో అంచులు పలచబడ్డాయి. ఏడాదికి చెంపల మీద చాలావరకు పోయింది, పైపెదవి మీద కొంచెం మిగిలింది. మొన్న మేనకోడలి పెళ్లి ఫోటోలో నడిమధ్యన నిలబడ్డారు.

భోజనాల తర్వాత మేము ఈ హాలులోనే ఉంటాము. ఇంట్లో వాడుతున్న ట్యూబులు ఎవరైనా తెచ్చి చూపిస్తే, వెనుక ఉన్న సన్నటి అక్షరాలు చదివి పెడతాము. కళ్లజోడు వెంట తెచ్చాము.