చెరలోని సైనికుడు – ఇంటిలోనివారు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పగల పెద్దలు ఈ వేదికపై పెక్కుమంది కలరు. నన్ను మాత్రము కార్యదర్శిగారు, మన యూరి సైనిక కుటుంబములకు పనికివచ్చు విషయ మేదైన మాటాడుడని కోరిరి. నేను కత్తి పట్టినవాడను కాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములు చదువుకొనుట నా వ్యసనము. గురుముఖమున నేర్చినది లేదు గనుక తప్పులున్న పండితులు మన్నింతురు గాక.

సైన్యమున చేరినవానికి మూడు గతులే కలవని లోకము తలచును. గెలిచి వచ్చుట, గాయపడి వచ్చుట, రణమున నొరుగుట. ఈ మూడింటికిని ఇంటివారు చేయవలసినది పెద్దలు ముందే యేర్పరచినారు: హారతి కలదు, వైద్యము కలదు, కర్మకాండ కలదు. నాలుగవ గతి శత్రువుచేత చిక్కుట. దానికి ఏ శాస్త్రమునందును విధి కనబడదు. ఆ యింటి ఇల్లాలు ఏమి చేయవలెను? పండుగ చేయవలెనా, మానవలెనా? ఇరుగుపొరుగువారు ఆమెతో ఏమని పలుకవలెను?

పోతనగారి దశమస్కంధమున ఉషాకన్యక కథ మీలో చాలమంది వినియుందురు. చిత్రరేఖ పటము వ్రాయుట, అనిరుద్ధుని నిద్రలోనే కొనివచ్చుట, బాణాసురుడు వానిని నాగపాశముల బంధించుట, ఇవన్నియు హరికథకులు మూడుగంటలు చెప్పుదురు. ద్వారకలో నేమైనదో ఎవరును చెప్పరు. పిల్లవాడు కనబడక వానకాలము నాలుగు మాసములు గడచెను. సర్వజ్ఞుడైన కృష్ణుని యింటనే నాలుగు మాసములు దుఃఖించిరి! ముసురు పట్టిన ఆ రాత్రులలో మనుమనికై రుక్మిణీదేవి ఎన్ని విధముల తలపోసెనో! పిదప నారదుడు వచ్చి, వాడు శోణితపురమున చెరలో నున్నాడని చెప్పెను. చూడుడు, ఆయన తెచ్చినది చెడ్డవార్తయే. అయినను ఆ వార్తతో ద్వారకవారికి ప్రాణము లేచివచ్చినది. ఎక్కడ నున్నాడో తెలిసినది గనుక ఇక చేయవలసిన పని కనబడినది. సేన కదలినది.

నేటి కాలమున ఆ నారదుని పని యొక చిన్న కార్డు చేయవలసియున్నది. 1949 ఆగస్టు 12వ తేదీని జినీవాలో కుదిరిన ఒడంబడికలలో మూడవది యుద్ధఖైదీలను గూర్చినది. ఖైదీ శిబిరము చేరిన వారము దినములలోపల, తాను చిక్కితిననియు తన దేహస్థితి యిట్టిదనియు ఇంటికొక కార్డు, జినీవాలోని కేంద్ర కార్యాలయమునకొక కార్డు వ్రాయుటకు పట్టినవారు అవకాశ మీయవలెను. పిమ్మట నెలకు రెండు జాబులకును నాలుగు కార్డులకును తక్కువ కాకుండ వ్రాయనీయవలెను. విచారణలో అతడు చెప్పవలసినవి తన పేరు, హోదా, పుట్టినతేదీ, సైనికసంఖ్య మాత్రమే. పోరు నిలిచినపిమ్మట జాగు సేయక విడిచిపుచ్చవలెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున జినీవా కార్యాలయమువారు ఖైదీలకై సుమారు 70 లక్షల కార్డుల పట్టిక నడపిరట. లెక్కలవాడను గనుక ఆ మాట చదివినప్పుడు పుస్తకము క్రింద పెట్టి చేతులు జోడించితిని.

కార్డు రానిచో ఏమగునో మన యూరనే కలదొక నిదర్శనము. పశ్చిమగోదావరిలోని మాధవరమువలె మనది సైనికుల గ్రామమని వాసికెక్కినది కాదు. అయినను రెండవ ప్రపంచయుద్ధమునకు మనవారును కొందరు పోయిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైనప్పుడు వేలకొలది భారతసైనికులు ఒక్కదినముననే ఖైదీలైరి. వారిలో మన యూరివా డొకడు. ఖైదీలను గూర్చిన 1929 నాటి ఒడంబడికపై జపాను సంతకము చేసెను గాని దానిని ధ్రువపరుపలేదు. ఇక కార్డు లెట్లు వచ్చును?

అప్పుడు మా తాతగారు ఈ గ్రామమునకు కరణీకము చేయుచుండిరి. ఆ సైనికుని భార్యకు అతని జీతములోని భాగము నెలనెలా మనియార్డరుగా వచ్చుచుండెడిది. జాబులు నిలిచిపోయెను గాని సొమ్ము నిలువలేదు. ఆమె మా యరుగుమీదికి వచ్చి వ్రేలిముద్ర వేసి, "బాబుగారూ, డబ్బు వచ్చినదిగదా, ఆయన యున్నట్లే గదా?" యని ప్రతినెలయు అడిగెడిదట. ఆచూకీ తెలియనివాని కుటుంబమునకును సర్కారు కొంతకాలము సొమ్ము పంపునని తాతగారు ఎరుగుదురు. అది చెప్పి యామె గుండె పగులగొట్టవలెనా? ఉన్నాడని చెప్పి బొంకవలెనా? "ఖాతా యింకను మూయలేదమ్మా" యని మాత్రము పలికెడివారట. అందులో ఒక్క అక్షరమైనను అసత్యము లేదు. దానిపై ఆమె మూడేండ్లకు పైగా బ్రతికినది.

1945 ఆగస్టులో యుద్ధము ముగిసి, మరుసటి యేట అతడు ఇల్లు చేరెను. ఊరెల్ల కదలి వెళ్ళి చూచినది. చూచి ఊరకున్నదా? "చేతు లెట్లు ఎత్తితివిరా?" యని చావడిలో నొకడు అడిగెనట. సింగపూరును అప్పగింప నిశ్చయించినది సేనాపతి. సిపాయి నభిప్రాయ మడిగినవారెవరు? ఆనాడు అతడు బదులు చెప్పలేదు, ఆ తరువాత చావడికి పోనూలేదు. రాత్రివేళ పిడికెడు అన్నము గుడ్డలో మూటగట్టి తలగడక్రింద దాచుకొనెడివాడట. భార్య కారణ మడుగలేదు. తెల్లవారగానే చద్దిమూట తీసివేసి, సాయంకాలమునకు ఉడుకన్నముతో మరియొక మూట అచ్చటనే పెట్టెడిది. కొన్ని మాసములు ఇట్లు జరిగినదనియు, ఒకనాడు అతడే వలదనెననియు మా నాయనమ్మ చెప్పెడిది. ఇంతటి చికిత్స ఏ వైద్యుడు చేయగలడు?

ఇక 1971 సంగతి. డిసెంబరు 3న పశ్చిమమున మొదలైన పోరు 16వ తేదీతో తూర్పున ముగిసినది. పాకిస్థానువారు సుమారు 93,000 మంది మనకు ఖైదీలైరి. వారు తిరిగిపోవుట 1974 ఏప్రిలునకు గాని పూర్తికాలేదు. ఆ రెండేండ్లకు పైబడిన కాలము అక్కడి తల్లులును మన తల్లులవలెనే వీధివాకిట కన్నులు నిలుపుకొని యుందురు. ఈ మాట మరువరాదు. పశ్చిమరంగమున చిక్కిన మనవారు 1972 డిసెంబరున ఇండ్లకు వచ్చిరి. అందరు రాలేదు. 54 మంది యింకను అచ్చటి చెరలలో నున్నారని వారి కుటుంబములు నమ్మినవి. 1979లో మన పార్లమెంటున వారిలో కొందరి పేర్లు ప్రకటింపబడినవి. అట్టివా రెవ్వరును తమయొద్ద లేరని పాకిస్థాను చెప్పుచు వచ్చినది.

మేజర్ అశోక్ సూరి రణమున మరణించెనని మొదట వ్రాయబడినది. 1974 డిసెంబరున ఆయన తండ్రికి కొడుకు చేతివ్రాతతో నొక చీటి చేరెను. 1975లో కరాచీనుండి మరియొకటి వచ్చెను. వ్రాత యతనిదేయని పరీక్షలో తేలగా, మృతుడను పద్దు కొట్టివేసి ఆచూకీ తెలియనివాడని మార్చిరి. మా లెక్కలలో అనామతు ఖాతా యొకటి కలదు. ఎవరికి చెందునో తేలని సొమ్ము అందుండును. దానిని ఖర్చు వ్రాయరాదు, జమకు చేర్చుకొనరాదు, కొట్టివేయనూరాదు. ఏటేట క్రొత్త చిఠాకు ఎత్తి వ్రాసికొనుచునే యుండవలెను. ఆ తండ్రికి వచ్చిన మార్పు ఇంతియే. అయినను మృతుల పద్దునుండి అనామతునకు మార్పించుకొనుటయే ఆయనకొక విజయము.

ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ వసంత తాంబే భార్య పేరు దమయంతి. ఆమె బాడ్మింటన్ క్రీడలో అర్జున పురస్కారము పొందిన విదుషి. పెండ్లియై రెండేండ్లయినను నిండకముందే భర్త విమానము కూలినది. పట్టుబడిన వైమానికులలో అతని పేరు కలదని పాకిస్థాను పత్రికయొకటి ప్రకటించినట్లు ఆమె విన్నది. నాటినుండి వెదకుట మానలేదు. ఆ పేరు చదివినప్పుడు నాకు నలోపాఖ్యానము తలపునకు వచ్చినది. శ్రీనాథుని నైషధము దంపతుల సుఖముతోడనే ముగియును. దమయంతి కష్టము తెలియగోరువారు నన్నయగారి అరణ్యపర్వము తెరువవలెను. అందామె బ్రాహ్మణులకు ఒక మాట నేర్పి నాలుగు దిక్కులకు పంపి, దానికి తగిన బదులు తెచ్చిన పర్ణాదునివలన భర్త జాడ పట్టినది. ఈ దమయంతికి పర్ణాదుడు దొరకలేదు. 2007 జూన్ మాసమున ఆ కుటుంబములవారు 14 మంది పాకిస్థాను కారాగారములకు స్వయముగా పోయి వెదకి, ఎవ్వరిని కానక తిరిగివచ్చిరి.

అన్ని కథలును ఇట్టివి కావు. 1999 మే 27న కార్గిల్ పోరులో చిక్కిన వైమానికుడు నచికేతుడు. ఇంటిపేరు కంభంపాటి, మన తెలుగు ఇంటిపేరే. యమునియింటికి పోయి తిరిగివచ్చిన బాలుని పేరు పెట్టిన తలిదండ్రులకు ఆ బిడ్డ జూన్ 3న విడుదలయ్యెను. ఎనిమిది దినములు! కాని ఎనిమిది దినములని మనము ఇప్పుడు ఎరుగుదుము. మూడవనాటి రాత్రి ఆ తల్లి ఎరుగునా?

అట్టి యింటికి పలుకరింపబోవువారు "పోయినవా రెవరు వచ్చిరి?" అనరాదు. "తప్పక వచ్చును" అని ప్రమాణములును చేయరాదు. రెండును మన చేతిలోనివి కావు. బొట్టు నిలుపుకొనుట, మానుట ఆ యిల్లాలి నిర్ణయము. దానిపై చావడిలో తీర్పు చెప్పుటకు ఎవనికిని అధికారము లేదని నేను గట్టిగా చెప్పుచున్నాను. చేయదలచినచో కాగితముల పని చేసిపెట్టుడు. రికార్డు ఆఫీసుకు గాని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు గాని జాబు వ్రాయవలెనన్న మొదట కావలసినది సైనికసంఖ్య. పేరు చెప్పిన చాలదు; ఒకే పేరువారు ఎందరో యుందురు. ఆపద వచ్చిననాడు ఆ సంఖ్యకై పెట్టెలు వెదకుచు ఏడ్చు ఇండ్లను నేను చూచితిని.

కావున గ్రంథాలయమున ఒక పుస్తకము పెట్టుటకు కార్యదర్శిగారు అంగీకరించినారు. సైనికుని పేరు, సంఖ్య, దళము, రికార్డు ఆఫీసు విలాసము, దగ్గరి బంధువు, ఇంటివారి తరఫున జాబు వ్రాయువాడు, ఇవి గడులు. బీరువాలో తాళమువేసి యుంచబడును. కుటుంబమువారికి తప్ప చూపబడదు. గీతలు గీసి యిచ్చితిని. ఇప్పటికి పదునొకండు పేర్లు ఎక్కినవి; అందు రెండింటికి సంఖ్య గడి ఖాళీగా నున్నది. ఆ యిండ్లవారు ఈ సభలోనే యున్నారు. రేపు సాయంకాలము 5 గంటలకు నేను ఇచ్చటనే కూర్చుందును. ఉన్న కాగితములన్నియు, చిరిగినవైనను, తీసికొనిరావలెనని ప్రార్థించుచున్నాను.