పిల్లల పైచదువు: లాభమా, దండగా?

(సంగారెడ్డి ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక విస్తరణాధికారి చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో మేత, దాణా, వెన్న శాతం గురించి మాట్లాడుకోవడం రివాజు. ఈ రోజు మీ ఇంటి మరో లెక్క గురించి మాట్లాడదలిచాను. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో చాలామంది సభ్యులు అడిగే ప్రశ్న ఒకటే: "పిల్లవాణ్ణి కాలేజీకి పంపాలా, కంపెనీలో పెట్టాలా?"

మన ప్రాంతంలో ఈ ప్రశ్న గట్టిగా వినిపించడానికి కారణం ఉంది. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగింది. తరువాత బొల్లారం, పాశమైలారం. గేటు దగ్గర నిలబడితే ఏదో ఒక కాంట్రాక్టు పని దొరుకుతుందని కుర్రవాళ్ల నమ్మకం. మరోవైపు 1972లో ఇక్రిశాట్, 2008లో ఐ.ఐ.టి. మన దగ్గరికే వచ్చాయి. ఏ గేటు వైపు పోవాలన్నదే సమస్య.

ముందు ఖర్చు పూర్తిగా లెక్కకట్టండి. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. బస్సు, పుస్తకాలు, హాస్టలు, చదివినన్నాళ్లు రాని కూలి, ఇంటి పనిలో తగ్గిన చేయి, ఇవన్నీ ఖర్చే. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు ఎన్నో ఇళ్లకు ఆసరా అయింది. కాని అది అందరికీ పూర్తి ఫీజు ఇవ్వదు. సొమ్ము ఆలస్యమైతే మిమ్మల్నే కట్టమనే కాలేజీలూ ఉన్నాయి.

ఇక రాబడి సంగతి. పడ్డ తొలి ఈతకు రావడానికి మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. ఇంజనీరింగు చదువుకూ నాలుగేళ్లే. రెండో ఏట మేత ఖర్చు చూసి పడ్డను నష్టమని ఎవరూ అనరు. అలాగని ప్రతి పడ్డా మంచి పాడి బర్రె కాదు. కొనేముందు జాతి, తల్లి ఇచ్చిన పాడి, ఆరోగ్యం చూస్తాం. కాలేజీని మాత్రం బోర్డు చూసి ఎంచుకుంటున్నాం.

సంఘంలో పాలకు ధర కట్టేది రంగు చూసి కాదు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. చూసి. కాలేజీకీ పరీక్ష పెట్టండి. చేరినవారిలో ఎంతమంది అన్ని సబ్జెక్టులూ పాసయ్యారు? ప్రయోగశాల తలుపు తీస్తారా? నిరుడు చదువు ముగించినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఊళ్లో చదివివచ్చిన పిల్లలనే అడగండి. సగంలో ఆగిన చదువు అన్నిటికన్నా పెద్ద నష్టం. ఖర్చు అవుతుంది, పట్టా రాదు.

డిగ్రీ ఒక్కటే దారి కాదు. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ. ఒకటి రెండేళ్లు, పాలిటెక్నిక్ మూడేళ్లు. పాడి మీద ఇష్టం ఉన్నవారికి కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది.

కంపెనీ పనిని చిన్నచూపు చూడవద్దు. ఆ కూలితో అప్పులు తీరిన ఇళ్లున్నాయి. కాని పద్దెనిమిదో ఏట మోసిన బరువు నలభై అయిదో ఏట మోయగలడా? అప్పుడు వాడి చేతిలో ఏ విద్య ఉంటుంది? ఇదీ లెక్కలోకి రావాలి.

చదువు విలువ జీతంలోనే లేదు. నక్కవాగు సంగతి మీకు తెలుసు. కర్మాగారాల మురుగు కలిసి పొలాలూ పశువులూ దెబ్బతిన్నాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఏళ్ల తరబడి రైతుల పక్షాన నిలిచారు. నీటి పరీక్ష కాగితం చదివి అర్థం చెప్పగల మనిషి ఊరికి ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. గేదె పాలతో పాలపొడి కాదని విదేశీ నిపుణులు అంటుండగా, 1955లో ఆనంద్‌లో చేసి చూపిన హెచ్.ఎం. దలాయా కూడా డెయిరీ విద్య చదివినవారే.

ఆడపిల్లల విషయం. బర్రెల పని ఎక్కువగా చేసేది మన ఆడవాళ్లే. చేయి తగ్గుతుందని అమ్మాయి చదువు ఆపకండి. అబ్బాయికి వేసిన లెక్కే ఆమెకూ వేయండి.

చివరగా ఒక్క మాట. మొదటి ఏడు ఫీజు కోసం పాడి బర్రెను అమ్మవద్దు. రెండో ఏడు ఫీజు కట్టవలసింది ఆ పాలే. పిల్లలకు ఇష్టం ఉండి, కాలేజీలో చదువు చెప్పి, ముగిసేదాకా ఖర్చుకు ఏర్పాటు ఉంటే, చదువు పడిన కష్టానికి తగినదే. ఈ మూడింటిలో ఏది లోపించినా, ముందు దాన్ని సరిచేసుకుని తరువాత దరఖాస్తు పెట్టండి.