బత్హా దాకా పోయినోళ్లు మస్మక్ దాకా పోండి

ఈ వారం మనం ఉంటున్న రియాద్ గురించే మాట్లాడుకుందాం.

2019 సెప్టెంబరులో సౌదీ టూరిస్టు వీసాలు మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి జనమో డబ్బు పెట్టుకుని ఈ ఊరు చూడ్డానికి వస్తున్నారు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్న మనలో మాత్రం రూము, సైటు, బత్హా దాటి చూసినోళ్లు తక్కువ.

శుక్రవారం మనోళ్లు కలిసే బత్హాకు దగ్గర్లోనే మస్మక్ కోట ఉంది. 1902లో అబ్దుల్ అజీజ్ కొద్దిమందితో వచ్చి దాన్ని పట్టుకున్నాడు. అక్కడ మొదలైన కథే 1932లో సౌదీ అరేబియా రాజ్యమైంది. ఆనాటి పోరాటంలో విరిగిన ఈటె మొన అంటూ కోట తలుపులో ఇప్పటికీ చూపిస్తారు.

ఊరికి వాయవ్యంగా దిరియా ఉంది. మొదటి సౌదీ రాజ్యానికి అదే రాజధాని. 1818లో ఒట్టోమన్ సేనలు దాన్ని కూల్చేశాయి. అక్కడి తురైఫ్‌కు 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. 2021లో మన రామప్ప గుడికి దక్కింది కూడా అదే గుర్తింపు. మేస్త్రీ పని తెలిసినోళ్లు ఆ గోడలు చూడగానే గుర్తుపడతారు. మట్టిలో గడ్డి కలిపి ఎండబెట్టిన పచ్చి ఇటుకలు, అచ్చం మన పల్లెల్లో పాత ఇండ్ల లెక్క.

ఇంటికి పోతే పిల్లలు "రియాద్ ఎట్లుంటది నాన్నా?" అని అడుగుతారు. ఎండ, ఓవర్‌టైమ్ తప్ప చెప్పడానికి ఇంకేమైనా ఉండాలి కదా. ఈ ఊరి మేడల్లో మన చెమట ఉంది. దీన్ని చూసే హక్కు కూడా మనకుంది.

ఇకామా జేబులో పెట్టుకోండి. వేళలు, టికెట్టు ముందే ఫోన్లో చూసుకోండి. వెళ్లొచ్చాక వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటా మరి.